డ్వార్ఫ్ హామ్‌స్టర్‌ను ఎలా పెంచాలి: ముందు బొరియ, తర్వాతే ముద్దు

డ్వార్ఫ్ హామ్‌స్టర్ అంటే ఎలుకలాంటి ఒక పెంపుడు జంతువు, హామ్‌స్టర్లలో పొట్టి రకం. అరచేతిలో పెట్టుకుంటే సగం చెయ్యి కూడా నిండదు. తూకం వేస్తే ముప్పై, నలభై గ్రాములు. ఇంత చిన్న ప్రాణికి ఎంత చోటు కావాలిలే అనుకుని చాలామంది దాన్ని చెప్పుల పెట్టెంత బోనులో పెట్టేస్తారు. అది రాత్రంతా కడ్డీలు కొరుకుతుంటే పళ్లు దురద పెడుతున్నాయేమో అనుకుంటారు. చేతిని కరిస్తే పొగరు అనుకుంటారు. చాలాసార్లు ఆ రెండింటికీ కారణం ఒకటే. దానికి తవ్వుకోవడానికి, దాక్కోవడానికి, పరిగెత్తడానికి చోటు లేదు.

ఈ జీవుల పుట్టిల్లు మంగోలియా, కజకస్తాన్, దక్షిణ సైబీరియా, ఉత్తర చైనాల్లోని గడ్డి మైదానాలు, ఇసుక నేలలు. అక్కడ చెట్టు నీడ ఉండదు, గాలికి అడ్డు ఉండదు, ఆకాశంలో గద్దలు, నేలమీద నక్కలు. కాబట్టి పగలంతా బొరియలో పడుకుని, చీకటి పడ్డాక బయటికొచ్చి, దొరికిన గింజల్ని బుగ్గల్లోని సంచుల్లో కుక్కుకుని మళ్లీ నేల కిందికి చేరడమే వాటి బతుకు. మీ ఇంట్లో పుట్టినా, ఎన్ని తరాలుగా బోనుల్లోనే పెరిగినా ఆ పద్ధతి మారలేదు. కింద చెప్పబోయే ప్రతి పనీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటి పని: తెచ్చుకునే ముందే రకం తెలుసుకోండి

డ్వార్ఫ్ అనే పేరుతో ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి. క్యాంప్‌బెల్, వింటర్ వైట్, రోబొరోవ్‌స్కీ. చైనీస్ హామ్‌స్టర్‌ను కూడా వీటితో కలిపే అమ్ముతారు గాని అది వేరే కుటుంబ శాఖ. ఒళ్లు సన్నగా పొడవుగా ఉండి, తోక కాస్త బయటికి కనబడితే అదే.

క్యాంప్‌బెల్, వింటర్ వైట్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వీపు మీద నల్లటి గీత, ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు, నెమ్మదస్తులు. ఈ రెంటినీ కలిపి పుట్టించిన సంకర జాతులు చాలా ఎక్కువ. అందుకే మీ చేతికొచ్చింది కచ్చితంగా ఏదో చెప్పలేకపోవచ్చు, దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. వింటర్ వైట్‌కు ఆ పేరు ఎందుకొచ్చిందంటే, చలికాలంలో పగటి వెలుగు తగ్గేకొద్దీ దాని బొచ్చు తెల్లబడుతుంది. ఇంట్లో రాత్రిళ్లు కూడా లైట్లు వెలుగుతుంటాయి కాబట్టి ఈ మార్పు సగమే జరగొచ్చు, అసలు జరగకపోవచ్చు. అది జబ్బు మాత్రం కాదు.

రోబొరోవ్‌స్కీ అన్నిటికంటే చిన్నది. నాలుగైదు సెంటీమీటర్లు, ఇరవై గ్రాముల పైచిలుకు. కళ్ల మీద తెల్లటి కనుబొమల్లాంటి మచ్చలుంటాయి. 1903లో శాస్త్రజ్ఞులు దీన్ని వర్ణించినప్పుడు రష్యన్ యాత్రికుడు రోబొరోవ్‌స్కీ పేరు పెట్టారు. మెరుపులా పరిగెడుతుంది, చేతిలో నిలవదు. ఎత్తుకుని నిమరాలని ఆశ ఉంటే దీన్ని తెచ్చుకోకండి, మీకూ దానికీ ఇద్దరికీ టెన్షనే. చూసి ఆనందించడానికైతే దీనంత సందడి చేసే ప్రాణి మరొకటి లేదు.

ఆయుష్షు సంగతి పిల్లలకు ముందే చెప్పండి. క్యాంప్‌బెల్, వింటర్ వైట్ ఏడాదిన్నర నుంచి రెండేళ్లు బతుకుతాయి. రోబొరోవ్‌స్కీలు మూడేళ్ల దాకా ఉండొచ్చు. ఇంకో మాట, కొన్నిచోట్ల హామ్‌స్టర్ పెంచడానికి చట్టం ఒప్పుకోదు. ఆస్ట్రేలియా, హవాయి అలాంటివే. మీరున్న చోట నిబంధన ఏమిటో ఒకసారి చూసుకోండి.

ఒకటా, రెండా? ఒకటే. ఒంటరిగా పాపం అనిపిస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించింది. అడవిలో కొన్ని రకాలు గుంపుగా కనబడతాయన్నది నిజమే. కాని అక్కడ గొడవ వస్తే ఓడినది పారిపోతుంది, బోనులో పారిపోవడానికి దారి లేదు. నెలల తరబడి ఒకదాన్నొకటి అంటుకుని పడుకున్న అక్కాచెల్లెళ్లు కూడా ఒక రాత్రి ఉన్నట్టుండి రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి. చైనీస్ రకాన్నయితే జతగా పెట్టడం అసలే కుదరదు. ఇప్పటికే రెండు ఉంటే, అవి కొట్టుకున్న రోజున విడదీయడానికి రెండో ఇల్లు, రెండో చక్రం సిద్ధంగా పెట్టుకోండి. ఒకసారి విడదీశాక మళ్లీ కలపకండి.

ఆడామగా ఒకే బోనులో ఉంటే ఏం జరుగుతుందో లెక్క చూడండి. గర్భం మూడు వారాల లోపే, ఈతకు నాలుగైదు పిల్లలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ. ఈనిన రోజే ఆడది మళ్లీ చూలు కట్టగలదు. పిల్లలు నెల, నెలన్నర వయసుకే ఈడుకొస్తాయి. అన్నిటికీ ఇళ్లు వెతకడం ఎవరి తరమూ కాదు. కొనేటప్పుడే ఆడో మగో చూపించమని అడగండి. తోక కింద రెండు రంధ్రాల మధ్య దూరం ఎక్కువుంటే మగది, దాదాపు ఆనుకుని ఉంటే ఆడది.

రెండో పని: ఇల్లు కట్టండి, అది వచ్చేలోపే

ఇక్కడ తొందరపడకండి. ఈ పని సరిగ్గా చేస్తే మిగతా పనులన్నీ సగం తేలికైపోతాయి.

నేల కొలత ముఖ్యం, అంతస్తులు కాదు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న నేల దొరికితే మంచి ఇల్లు. రోబొరోవ్‌స్కీ అన్నిటికంటే చిన్నది కదా అని ఇంకా చిన్నది వెతక్కండి, ఎక్కువ పరిగెత్తేది అదే. రంగురంగుల గొట్టాలు, మెట్లు, మూడంతస్తులు ఉన్న బోన్లు మన కంటికి బాగుంటాయి. హామ్‌స్టర్‌కు దూరం సరిగా కనబడదు, ఎంత ఎత్తులో ఉన్నానన్నది దానికి తెలియదు. పై అంతస్తు అంచు నుంచి అడుగు వేసేస్తుంది, కింద పడి కాలు విరుగుతుంది.

గాజు తొట్టి చాలా బాగుంటుంది. పాత చేపల తొట్టి పగిలి నీళ్లు కారుతున్నా దీనికి పనికొస్తుంది. పైన తీగ జాలీ మూత పెట్టండి. పెద్ద ప్లాస్టిక్ స్టోరేజీ డబ్బా కూడా పనిచేస్తుంది. మూతకు, పక్కలకు పెద్ద కిటికీలు కోసి జాలీ బిగించాలి. కడ్డీల బోనే కావాలంటే కడ్డీల మధ్య సందు ఆరేడు మిల్లీమీటర్లు దాటకూడదు. తల దూరితే ఒళ్లంతా దూరినట్టే.

ఇక అసలు విషయం, బెడ్డింగ్. అంటే నేలమీద పరిచే పొర. చాలా ఇళ్లలో ఇది రెండు వేళ్ల మందం ఉంటుంది, ఏదో పరిచాం అన్నట్టు. మీరు ఒక జానెడు, అంటే ఇరవై నుంచి ఇరవై అయిదు సెంటీమీటర్లు పొయ్యండి. కనీసం ఒక పక్కనైనా అంత లోతు ఉండాలి. పోస్తూ పోస్తూ అరచేత్తో గట్టిగా అదమండి, వదులుగా ఉంటే సొరంగం నిలవదు. కాగితపు గుజ్జుతో చేసిన బెడ్డింగ్ బొరియలకు బాగా పట్టు ఇస్తుంది. మధ్య మధ్య కొంచెం ఎండుగడ్డి కలిపితే పైకప్పుకు వాసాలు వేసినట్టు ఇంకా గట్టిగా నిలుస్తుంది. ఆస్పెన్ అనే చెట్టు చెక్క పొట్టు కూడా పర్వాలేదు.

ఏవి వద్దో చెప్తాను. దేవదారు పొట్టు, ఘాటైన వాసన వచ్చే పైన్ పొట్టు వద్దు, వాటిలోని నూనెలు ఊపిరితిత్తులకు పడవు. సువాసన కలిపిన బెడ్డింగ్ ఏదీ వద్దు. అన్నిటికంటే ముఖ్యంగా దూదిలా మెత్తగా ఉండే గూటి సామాను కొనకండి. ప్యాకెట్ మీద హామ్‌స్టర్ బొమ్మ ఉంటుంది, మెత్తగా పడుకుంటుంది పాపం అనుకుని మొదటిసారి నేనూ అదే తెచ్చాను. వారంలో దాని వెనక కాలికి పోగులు చుట్టుకుని, కాలు వాచి నీలంగా మారింది. సన్న కత్తెరతో ఒక్కో పోగూ కోసి తీసేసరికి నా చేతులు వణికాయి. కాలు దక్కింది, అందరికీ దక్కదు. ఆ పోగులు మింగితే పేగుల్లో అడ్డుపడతాయి కూడా. దానికి పరుపు కావాలంటే తెల్లటి, వాసనలేని టాయిలెట్ పేపర్ చింపి ఇవ్వండి. ఒక్కో ముక్కా బుగ్గల్లో పెట్టుకుని లోపలికి మోసుకెళ్లడం చూడటమే ఒక వేడుక.

చక్రం లేకుండా హామ్‌స్టర్‌ను పెంచకూడదు. ఒక్క రాత్రిలో అది కిలోమీటర్ల దూరం పరిగెడుతుంది. డ్వార్ఫ్ రకాలకు ఇరవై సెంటీమీటర్ల వ్యాసం సరిపోతుంది. పరిగెత్తేటప్పుడు వీపు విల్లులా వంగుతోందంటే చక్రం చిన్నదని అర్థం. నేల భాగం సందుల్లేకుండా పలకలా ఉండాలి, తీగల చక్రంలో కాళ్లు ఇరుక్కుంటాయి. బెడ్డింగ్ మీద నేరుగా పెడితే రెండో రోజుకే కింద తవ్వి చక్రాన్ని పూడ్చేస్తుంది, కాబట్టి చిన్న చెక్క బల్ల మీద నిలబెట్టండి. హామ్‌స్టర్‌ను లోపల పెట్టి ఇంట్లో దొర్లించే ప్లాస్టిక్ బంతులు మాత్రం వద్దు. లోపల గాలి ఆడదు, దారి కనబడదు, గోడలకు గుద్దుకుంటుంది, ఆపుకునే వీలూ లేదు.

ఒక మూల వెడల్పాటి గిన్నెలో ఇసుక పెట్టండి. ఇది ఆట వస్తువు కాదు, దాని స్నానాలగది. ఇసుకలో పొర్లి ఒంటి నూనెను వదిలించుకుంటుంది, చాలా హామ్‌స్టర్లు అక్కడే ఉచ్చ పోయడం కూడా అలవాటు చేసుకుంటాయి. సన్నటి ఇసుక కావాలి, దుమ్ము లేనిది, రంగు వేయనిది, కాల్షియం కలపనిది. చిన్చిల్లా అనే మరో పెంపుడు జంతువు కోసం అమ్మే పొడి వద్దు, అది దుమ్ములాంటిది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లతో స్నానం ఎప్పుడూ చేయించకండి. చల్లబడి ప్రాణం మీదికి వస్తుంది.

మిగిలినవి చిన్న చిన్నవే. అడుగు లేని ఒక చెక్క గూడు, టాయిలెట్ పేపర్ రోల్ లోపలి అట్ట గొట్టాలు, కొరకడానికి మందు కొట్టని యాపిల్ కొమ్మలు. ఉన్న నేలంతా ఖాళీగా కనబడకుండా అక్కడక్కడా చాటు ఉండేలా సర్దండి. ఖాళీ నేల మీద పరిగెత్తడం దానికి గద్ద కింద పరిగెత్తడమే.

తొట్టి ఎక్కడ పెట్టాలి? ఎండ తగలని, ఫ్యాను, ఏసీ గాలి నేరుగా కొట్టని చోట. గది వేడి 18 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే దానికి హాయి. 30 దాటితే వడదెబ్బ భయం ఉంది. అలాంటి రోజుల్లో ఫ్రిజ్‌లో చల్లబరిచిన సిరామిక్ టైల్ ఒకటి లోపల పెడితే దాని మీదికొచ్చి పడుకుంటుంది. టీవీ, స్పీకర్ల పక్కన మాత్రం పెట్టకండి. మన చెవికి అందని సన్నటి శబ్దాలు కూడా దానికి వినబడతాయి. మీరు పడుకునే గదిలో పెడితే అర్ధరాత్రి చక్రం చప్పుడుకు సిద్ధపడాలి.

మూడో పని: మొదటి వారం చేతులు కట్టుకు కూర్చోండి

ఇంటికి తెచ్చిన రోజు అందరికీ ఎత్తుకోవాలనే ఉంటుంది. వద్దు. తెచ్చిన డబ్బాతో సహా తొట్టిలో పెట్టి మూత తీసి పక్కకు రండి. అది వచ్చిన చోటి పాత బెడ్డింగ్ గుప్పెడు అడిగి తెచ్చి కొత్తదాంట్లో కలిపితే తన వాసన తనకు తగిలి భయం కొంత తగ్గుతుంది. మూడు నాలుగు రోజులు తిండి, నీళ్లు మార్చడం తప్ప ఏమీ చేయకండి. బయటికి కనబడకపోతే కంగారు పడకండి, లోపల ఇల్లు కట్టుకుంటోంది. తిండి తగ్గుతోందా, చక్రం మీద ఉదయానికి రెట్టలు కనబడుతున్నాయా చూస్తే చాలు. తవ్వి తీసి చూడటం మాత్రం చేయకండి. ఆ ఒక్క పనితో నెల రోజుల నమ్మకం పోతుంది.

కొత్తగా తెచ్చిన ఆడ హామ్‌స్టర్ రెండు మూడు వారాల్లో ఈనడం అరుదేమీ కాదు. లోపలి నుంచి సన్నటి కిచకిచలు వినబడితే గూటిని తాకకండి, ఇల్లు శుభ్రం చేయకండి. రెండు వారాలపాటు తిండి కొంచెం ఎక్కువ వేస్తూ దూరంగా ఉండండి. కదిలిస్తే తల్లి భయంతో పిల్లల్ని తినేసే ప్రమాదం ఉంది. నాలుగో వారం వచ్చేసరికి ఆడపిల్లల్ని, మగపిల్లల్ని వేరు చేయాలి.

నాలుగో పని: తిండి, నీళ్లు

మంచి గింజల మిశ్రమమే రోజూ తిండి. రకరకాల చిరుధాన్యాలు, గడ్డి గింజలు, అవిసె, ఓట్స్, ఎండిన ఆకులు, ఎండు పురుగులు ఉన్నది చూడండి. ప్రోటీన్ 16 నుంచి 20 శాతం మధ్య ఉండాలి. రోజుకు ఒక టీస్పూను చాలు. గిన్నెలో పోయడం కన్నా ఇంటి నేలంతా చల్లండి, వెతుక్కుని తినడం దానికి పని, వ్యాయామం, కాలక్షేపం. అప్పుడప్పుడు ఒక కొర్రకంకి నిలబెట్టి చూడండి. దాన్ని కొరికి పడగొట్టి, గింజలు రాల్చి, బుగ్గలు ఉబ్బించుకుని పోయే తీరు చూస్తే మీ నిద్ర మానుకున్నా నష్టం లేదనిపిస్తుంది.

గిన్నె ఖాళీ అయిందని మళ్లీ మళ్లీ పోయకండి. తిన్నది తక్కువ, దాచింది ఎక్కువ ఉంటుంది.

తీపి గురించి గట్టిగా చెప్పాలి. క్యాంప్‌బెల్‌కూ, దాని సంకర జాతులకూ, చైనీస్ రకానికీ షుగర్ జబ్బు తేలిగ్గా వస్తుంది. పండ్లు, ఎండు ద్రాక్ష, తేనె పూసిన కడ్డీలు, రంగురంగుల పెరుగు చుక్కలు అని అమ్మేవన్నీ వీటికి పక్కన పెట్టాల్సినవే. మీ దగ్గరున్నది ఏ రకమో తెలియకపోతే క్యాంప్‌బెల్ అనుకునే నడుచుకోండి. ముచ్చటగా ఏదైనా ఇవ్వాలంటే ఒక గుమ్మడి గింజ, ఒక ఎండు పురుగు, చిటికెడు ఉడికిన గుడ్డు తెల్లసొన ఇవ్వండి. కీరా, బ్రకోలీ, పాలకూర లాంటివి గోరంత ముక్క, వారానికి రెండు మూడుసార్లు. క్యారెట్ కొంచెం తీపే, అరుదుగా ఇవ్వండి. దాచుకున్న పచ్చి ముక్కలు ఉదయానికి తీసేయకపోతే బూజు పడతాయి.

ఉల్లి, వెల్లుల్లి, నిమ్మ నారింజ జాతి పండ్లు, చాక్లెట్, పచ్చి బంగాళాదుంప, పచ్చి రాజ్మా, యాపిల్ గింజలు, చేదు బాదం, అవకాడో ఇంటి దరిదాపులకు రానివ్వకండి. జిగురుగా అంటుకునేవి కూడా వద్దు, బుగ్గ సంచిలో అతుక్కుపోతాయి.

నీళ్లు రోజూ మార్చాలి. సీసా వాడితే దాని ముక్కులోని బంతిని రోజూ వేలితో తట్టి చుక్క పడుతోందో లేదో చూడండి. నిండుగా కనబడే సీసా బంతి ఇరుక్కుపోయి చుక్క కూడా ఇవ్వకపోవడం చాలా మామూలు. బరువైన చిన్న గిన్నె అయితే ఆ బెంగ ఉండదు, కాని రోజూ కడగాలి.

అయిదో పని: మచ్చిక

వారం గడిచాక సాయంత్రం అది లేచే వేళకు తొట్టి పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడండి. ఏం మాట్లాడినా సరే, మీ గొంతు ప్రమాదం కాదని దానికి అర్థం కావాలి. తర్వాత చేతులు వాసన లేని సబ్బుతో కడుక్కుని లోపల నేలమీద కదపకుండా ఉంచండి. తిండి వాసన ఉన్న వేలు దానికి తిండే, అప్పుడు కరిస్తే తప్పు దానిది కాదు. వేళ్లు వాసన చూస్తుంది, పారిపోతుంది, మళ్లీ వస్తుంది. కొన్ని రోజులకు అరచేతిలో ఒక గింజ పెట్టండి. ముందు కాళ్లు మాత్రమే పెట్టి గింజ లాక్కుని పోయే దశ ఒకటుంటుంది, అక్కడ ఓపిక పట్టండి. నాలుగు కాళ్లూ చేతి మీద పెట్టి, అక్కడే కూర్చుని గింజ ఒలుచుకుని తిన్న రోజున మీరు గెలిచినట్టు. ఒక్కోదానికి వారం పడుతుంది, ఒక్కోదానికి రెండు నెలలు. కొన్ని రోబొరోవ్‌స్కీలు ఎప్పటికీ రావు.

పైనుంచి చెయ్యి దించి పట్టుకోవద్దు. గద్ద అలాగే వస్తుంది. పక్కనుంచి చెయ్యి పెట్టి దానంతట అది ఎక్కనివ్వండి. ఒకచోటి నుంచి మరోచోటికి మార్చాలంటే వెడల్పాటి కప్పు అడ్డంగా పెడితే లోపలికి వచ్చి కూర్చుంటుంది, చెయ్యి తగిలే అవసరమే లేదు. ఎత్తుకునేటప్పుడు ఎప్పుడూ నేలమీద కూర్చోండి. నిలబడ్డ మనిషి చేతిలోంచి పడితే అది బతకకపోవచ్చు. నిద్రపోతున్నదాన్ని లేపడం, చిన్నపిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వడం కూడా వద్దు. పిల్లలకు నేల మీద కూర్చుని దాని దాగుడుమూతలు చూడటం నేర్పండి, వాళ్లకు అది చాలా ఇష్టమవుతుంది.

కరిస్తే చెయ్యి విదిలించకండి. మెల్లగా దించి, సబ్బుతో కడుక్కోండి. కరిచాక ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, హామ్‌స్టర్ అలర్జీ కొందరిలో తీవ్రంగా ఉంటుంది. మామూలు రోజుల్లోనూ ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. గర్భిణులు బోను శుభ్రం చేసే పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి. ఈ జాతి జంతువుల ద్వారా సోకే ఒక వైరస్ కడుపులోని బిడ్డకు హాని చేయగలదు.

ఆరో పని: శుభ్రం, కాని అతిగా కాదు

వాసన వస్తోందని వారానికోసారి మొత్తం ఖాళీ చేసి కడిగేయడం అందరూ చేసే తప్పు. హామ్‌స్టర్‌కు వాసనే చిరునామా. అన్నీ మారిపోతే ఎవరి ఇంట్లోనో పడ్డట్టు బెదిరిపోయి, మళ్లీ గుర్తు పెట్టుకోవడానికి ఇంకా ఎక్కువ ఉచ్చ పోస్తుంది. అంటే మీరు ఎంత కడిగితే అంత వాసన.

రోజూ తడిసిన చోట చెంచాతో తీసేయండి, ఇసుకను రెండు మూడు రోజులకోసారి జల్లించండి, చక్రాన్ని వేడినీళ్లతో తుడవండి. లోతైన బెడ్డింగ్ ఉంటే నెల, నెలన్నరకోసారి మూడోవంతు మాత్రమే మార్చండి. గూడు, దాచుకున్న గింజల్లో కొంత అలాగే ఉంచండి. ఘాటైన ఫినాయిల్, ఫ్రెష్‌నర్ లాంటివి వద్దు, నీళ్లు కలిపిన వెనిగర్ సరిపోతుంది.

ఏడో పని: ప్రతి వారం తూకం

అడవిలో జబ్బు చేసిందని కనబడితే శత్రువుకు ముందు దొరికేది అదే. అందుకే హామ్‌స్టర్ చివరిదాకా బాగున్నట్టే నటిస్తుంది. మనకు కంటికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. తూకం మాత్రం అబద్ధం చెప్పదు. వంటింటి డిజిటల్ కాటా మీద కప్పు పెట్టి సున్నా చేసి, అందులో హామ్‌స్టర్‌ను కూర్చోబెట్టండి. తేదీతో రాసి పెట్టుకోండి. నలభై గ్రాముల జీవి నాలుగు గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదోవంతు పోయినట్టు. చేతిలోకి తీసుకుంటే ఆ తేడా మీకు తెలియదు, కాగితం మీద తెలుస్తుంది.

అదే సమయంలో పళ్లు, కళ్లు, గోళ్లు, తోక కింద భాగం చూసేయండి. ముందు పళ్లు పసుపు రంగులో ఉండటం మామూలే. జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి వంకరగా గాని, మరీ పొడవుగా గాని కనబడితే డాక్టరుకు చూపించాలి. పొట్ట మధ్యలో పసుపుపచ్చగా పొక్కు కట్టినట్టు ఒక మచ్చ కనబడితే దాన్ని గిల్లకండి. అది వాసన గ్రంథి, డ్వార్ఫ్ రకాలన్నిటికీ ఉంటుంది, మగవాటిలో బాగా కనబడుతుంది. ఆ మచ్చను పుండనుకుని మందు రాసేవాళ్లు చాలామంది.

ఆగకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిన సందర్భాలు ఇవి: తోక దగ్గర తడిగా ఉండటం, నీళ్ల విరేచనాలు, ఊపిరి తీసేటప్పుడు చప్పుడు రావడం, ఒక రోజంతా తిండి ముట్టకపోవడం, ఒంటి మీద గడ్డ, రక్తం, బుగ్గ సంచి నోట్లోంచి బయటికి వేలాడటం. విరేచనాలు పట్టుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది, రేపు చూద్దాం అనుకోవద్దు. నీళ్లు విపరీతంగా తాగుతూ, బెడ్డింగ్ ఎక్కువగా తడుపుతుంటే షుగర్ అనుమానించాలి. మనుషులకు వాడే మూత్రపరీక్ష పట్టీ మీద గ్లూకోజ్ చూసుకోవచ్చు.

కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే డాక్టర్లకు వీటి వైద్యం తెలియకపోవచ్చు. చిన్న జంతువుల్ని, ఎక్సోటిక్ పెట్స్‌ను, అంటే అరుదైన పెంపుడు జంతువుల్ని చూసేవాళ్లు ఎవరున్నారో హామ్‌స్టర్‌ను తెచ్చే ముందే కనుక్కుని నంబరు రాసుకోండి. ఇంట్లో ఉన్న మనుషుల మందులు ఎంత కొంచెమైనా వేయకండి. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటి యాంటీబయాటిక్స్ హామ్‌స్టర్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి, దాన్నీ చంపేస్తాయి.

ఒక చలికాలం ఉదయం మా హామ్‌స్టర్ ఉండలా ముడుచుకుని, చల్లగా, కదలకుండా కనబడింది. పోయిందనే అనుకున్నాం. బట్టలో చుట్టబోతూ పట్టి చూస్తే మీసం సన్నగా కదిలింది. గది బాగా చల్లబడి, తిండి కూడా తక్కువైనప్పుడు కొన్ని హామ్‌స్టర్లు ఇలా గాఢమైన మత్తులోకి జారుకుంటాయి. ఊపిరి చాలాసేపటికి ఒకసారి ఆడుతుంది. అలా కనబడితే ముందు గదిని మెల్లగా వెచ్చబరచండి, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చోండి. హీటర్ ముందు పెట్టడం, వేడినీళ్లు తగిలించడం వద్దు, ఉన్నట్టుండి వేడెక్కినా ప్రమాదమే. మాది మళ్లీ కళ్లు తెరవడానికి గంటకు పైగా పట్టింది. లేచాక నీళ్లు, తిండి ఇచ్చి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. నిజంగా చనిపోయిందో లేదో తేల్చుకోకుండా ఎప్పుడూ పాతిపెట్టకండి.

తప్పించుకుంటే

మూత సరిగా పడని ఒక్క రాత్రి చాలు. ముందు ఇంటి తలుపులన్నీ మూసి, కింది సందుల్లో తువ్వాళ్లు కుక్కండి. పిల్లిని, కుక్కను ఒక గదిలో పెట్టండి. వాషింగ్ మెషీన్ వాడకండి, సోఫా కదపకండి, కింద నలిగిపోతుంది. రాత్రి లైట్లు ఆపి ప్రతి గదిలో నాలుగు గింజలు పెట్టి చుట్టూ పిండి చల్లితే ఉదయానికి అడుగులు చెబుతాయి అది ఏ గదిలో ఉందో. ఆ గదిలో ఒక లోతైన బకెట్ పెట్టి, అడుగున మెత్తగా బెడ్డింగ్, కొంచెం తిండి వేసి, పుస్తకాలు మెట్లలా అంచుదాకా పేర్చండి. లోపలికి దూకుతుంది, బయటికి ఎక్కలేదు. దాని తొట్టిని కూడా నేలమీద తెరిచి పెట్టండి. కొన్ని తమంతట తామే ఇంటికొచ్చి పడుకుంటాయి.

ముసలితనంలో

ఏడాదిన్నర దాటాక నడక మందగిస్తుంది, బొచ్చు పలచబడుతుంది, చక్రం ఎక్కడం తగ్గుతుంది. ఇప్పుడు ఇంట్లో కొన్ని మార్పులు చేయండి. నీళ్ల సీసా కిందికి దించండి లేదా గిన్నె పెట్టండి. తిండి గూటి దగ్గరే చల్లండి. పళ్లు బలహీనమైతే గింజల్ని నలిపి, నీళ్లలో నానబెట్టి ఇవ్వండి. ఇసుక గిన్నె అంచు ఎత్తుగా ఉంటే పక్కన చిన్న బల్ల వేయండి. గూటికి పోయే సొరంగం కూలిపోతే తిరిగి తవ్వుకోలేదు, ఒక అట్ట గొట్టాన్ని ఏటవాలుగా దూర్చి దారి చేసి పెట్టండి. తూకం వారానికి రెండుసార్లు చూడండి. నొప్పితో ముడుచుకుని, తినడం పూర్తిగా మానేస్తే బాధ లేకుండా నిద్రపుచ్చే దారి గురించి డాక్టరుతో మాట్లాడండి. ఆ రోజుల్లో బయటికి తీయడం, ఎత్తుకోవడం మానేసి, దాన్ని దాని బొరియలోనే పడుకోనివ్వండి.